మాడు మీద పుట్టుమచ్చ పక్కన: ఒక బట్టతల కేసు, 26 నెలల లెక్క

అతను కుర్చీలో కూర్చోకముందే జేబులోంచి ఒక జిప్ కవర్ తీసి టేబుల్ మీద పెట్టాడు. లోపల చిన్న చిన్న చుట్టలుగా జుట్టు. ఒక్కో చుట్టకీ తేదీ వేసిన కాగితం ముక్క, తేదీ పక్కన ఒక అంకె. 140, 96, 212.

"నిన్న తలస్నానం చేశాను డాక్టర్ గారూ, అందుకే 212" అన్నాడు.

వయసు 31. నెల రోజులుగా జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోందని ఫిర్యాదు. పక్కన భార్య కూర్చుని ఉంది. ఆమె ముఖం చూస్తే ఇంట్లో ఈ లెక్కలు చాలా రోజులుగా నడుస్తున్నాయని అర్థమైంది.

ఈ కేసు గొప్పగా నయమైపోయిందని రాయడం లేదు. జుట్టుకి వాడే మందుల్లో ఏది ఎంత చేసింది, అసలు మందే లేకుండా ఎంత జరిగింది అన్నది ఒకే మనిషిలో విడివిడిగా చూసే అవకాశం నాకు దొరికింది. అందులో కొంత నా పొరపాటు వల్ల దొరికింది. అతని అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

మొదటి విజిట్

ముందు కవర్లోని జుట్టు చూశాను. చాలామంది డాక్టర్లు ఆ కవర్ని పక్కన పెట్టేస్తారు. ఒకప్పుడు నేనూ అంతే. లెన్స్ కింద పెడితే ఎక్కువ వెంట్రుకలు పొడవుగా, మందంగా ఉన్నాయి, ప్రతిదాని మొదట్లో గసగసంత తెల్లటి బుడిపె. అంటే అవి తెగినవి కావు, విశ్రాంతి దశ ముగించుకుని కుదురు నుంచి జారిపోయినవి. వాటి మధ్య ఇంకో రకం ఉన్నాయి. మూడు సెంటీమీటర్లు కూడా లేవు, సాలెపోగంత సన్నం. కత్తెర తగిలిన వెంట్రుక కొన మొద్దుగా ఉంటుంది. వీటి కొనలు సూదిలా ఉన్నాయి. అంటే మంగలి కత్తెరకి అందేంత పొడవు ఎప్పుడూ పెరగకుండానే రాలిపోయాయన్నమాట.

ఒకే కవర్లో రెండు జబ్బులున్నాయి.

మొదటిది టెలోజెన్ ఎఫ్లువియం. మూడు నెలల క్రితం వారం రోజులు పెద్ద జ్వరం వచ్చిందని అడిగితే చెప్పాడు. వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది, తర్వాత దాదాపు మూడు నెలలు విశ్రాంతిలో ఉండి రాలుతుంది. మామూలుగా రోజుకి 50 నుంచి 100 దాకా పోవడం సహజమే. పెద్ద జ్వరం, ఆపరేషన్, కాన్పు, ఒక్కసారిగా బరువు తగ్గడం లాంటివి జరిగితే చాలా కుదుళ్లు ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్తాయి. అందుకే జుట్టు ఊడేది జ్వరంలో కాదు, జ్వరం సంగతి మర్చిపోయాక. కుదురు దెబ్బతినదు కాబట్టి చాలామందిలో ఆరు నెలల్లోపు దానంతట అదే ఆగిపోతుంది.

రెండోది అతను ఫిర్యాదు చేయనిది. మాడు మీద డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దగా చూపే లెన్స్ పరికరం) పెడితే పక్కపక్కనే లావు వెంట్రుక, సన్నది, ఇంకా సన్నది. మెడ పైభాగంలో చూస్తే అన్నీ ఒకే మందం. నుదుటి మూలలు వెనక్కి జరిగి ఉన్నాయి. ఆరేళ్ల కిందటి గుర్తింపు కార్డు తెప్పించి చూస్తే తేడా స్పష్టం. ఇది ఆండ్రోజెనెటిక్ అలోపేసియా, మామూలు మాటల్లో మగవాళ్ల బట్టతల. టెస్టోస్టెరాన్‌ని 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోన్‌గా మారుస్తుంది. ఆ డీహెచ్‌టీకి లొంగే కుదుళ్లు ఒక్కో విడతకీ ఇంకాస్త చిన్నవై, ఇంకాస్త సన్నటి, పొట్టి వెంట్రుకని పుట్టిస్తాయి. ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా జరిగే పని. జ్వరం తర్వాత రాలుడు దాన్ని బయటపెట్టింది, అంతే.

మాడు అంచున అతనికి ఒక చిన్న పుట్టుమచ్చ ఉంది. దాన్ని ఆనవాలుగా పెట్టుకుని, దాని పక్కన ఒక చదరపు సెంటీమీటరు ఫోటో తీసి వెంట్రుకలు లెక్కపెట్టాను. 131. (ఇలాంటి లెక్క నేనొకసారి, నా సహోద్యోగి ఒకసారి చేస్తే మూడు నాలుగు తేడా వస్తుంది. కాబట్టి ముందు రాయబోయే అంకెల్లో చిన్న తేడాలకి అర్థాలు వెతకొద్దు.)

రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ బాగానే ఉన్నాయి. అప్పటికే బయోటిన్ అనే విటమిన్ గమ్మీలు వాడుతున్నాడు. కొన్ని రోజులు ఆపించి తర్వాతే థైరాయిడ్ పరీక్ష చేయించాను. ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్‌తో పాటు గుండెపోటు పట్టుకునే ట్రోపోనిన్ పరీక్షని కూడా తప్పుదారి పట్టించగలదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. ఇక జుట్టు సంగతికొస్తే, బయోటిన్ లోపం లేని మనిషికి బయోటిన్ ఇస్తే వచ్చే లాభం నాకు ఇంతవరకూ కనిపించలేదు. లోపమేమో చాలా అరుదు.

ఇక్కడ నేను తప్పు చేశాను. రెండు జబ్బులున్నాయని తెలిసి కూడా అదే రోజు బట్టతలకి తల మీద రాసుకునే మందు, 5 శాతం మినాక్సిడిల్, రాసేశాను. పేషెంట్ టెన్షన్‌లో ఉన్నాడు, బయట క్యూ ఉంది, ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాలనిపించింది. మొదట్లో కాస్త ఎక్కువ రాలొచ్చు అన్న మాట లేస్తూ లేస్తూ చెప్పాను. అతను వినలేదు. వినేలా నేను చెప్పలేదు.

ఐదు నెలల తర్వాత

ఈసారి కవర్ లేదు. ముఖంలో కొంచెం కోపం, కొంచెం గెలుపు.

"మీ మందు ఐదు వారాలు వాడాను డాక్టర్ గారూ. రోజుకి మూడొందలు దాటింది. మానేశాను. మానేశాకే తగ్గింది. ఇప్పుడు ఒక సీరమ్, గమ్మీలు వాడుతున్నా, బ్రహ్మాండంగా ఉంది."

రాలుడు తగ్గిన మాట నిజం. పుట్టుమచ్చ పక్కన మళ్లీ లెక్కపెట్టాను. 146. ఏ మందూ లేకుండా 15 వెంట్రుకలు వచ్చాయి.

ఈ 15 దగ్గర కాసేపు ఆగాలి. అతను మినాక్సిడిల్ మానకుండా వాడి ఉంటే, అదే రోజు అదే 146 చూసి నేను "చూశారా, మందు పనిచేసింది" అనేవాణ్ని, నిజంగానే నమ్మేవాణ్ని. అతను సీరమ్‌కి ఇచ్చిన మార్కులు నేను మినాక్సిడిల్‌కి ఇచ్చేవాణ్ని. ఇద్దరిదీ ఒకే పొరపాటు. జ్వరం తర్వాత రాలే జుట్టు ఎలాగూ ఆగుతుంది. ఆగే వేళకి చేతిలో ఏ సీసా ఉంటే దానికి పేరొస్తుంది. జుట్టు మందుల వ్యాపారంలో సగం ఈ ఆరు నెలల మీదే నడుస్తోందని నా అనుమానం.

మరి ఐదు వారాలకి రాలుడు ఎందుకు పెరిగింది? మినాక్సిడిల్ చేసే పనుల్లో ఒకటి, విశ్రాంతిలో ఉన్న కుదుళ్లని తొందరగా పెరుగుదలకి మళ్లించడం. కొత్త వెంట్రుక మొలిస్తే పాతది ఊడాలి కదా. మొదలుపెట్టిన రెండు వారాల నుంచి ఎనిమిది వారాల మధ్య ఇది కనిపిస్తుంది. పైగా అతనికి జ్వరం తాలూకు రాలుడు కూడా అప్పుడే ఉధృతంగా ఉంది. రెండూ కలిశాయి.

నేనే ముందు క్షమాపణ చెప్పాను. తర్వాత స్క్రీన్ మీద మాడు ఫోటో పెట్టి, 146లో ఎన్ని సన్నవో చూపించాను. రాలుడు ఆగింది, సన్నబడటం ఆగలేదు. మందుల గురించి అసలు మాట అప్పుడు మొదలైంది.

ఏ మందు, ఎంత

బట్టతలకి గట్టి రుజువులున్నవి ప్రధానంగా రెండే. రెండూ వేరే జబ్బుల మందులుగా పుట్టినవే. మినాక్సిడిల్ రక్తపోటు మాత్ర. వేసుకున్నవాళ్లకి ఒంటి నిండా వెంట్రుకలు మొలుస్తుంటే, దాన్నే తలకి రాసే మందుగా మార్చారు. అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. ఫినాస్టెరైడ్ కథ 1974లో డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన ఒక పరిశోధనతో ముడిపడి ఉంది. పుట్టుకతోనే 5-ఆల్ఫా రిడక్టేజ్ లోపం ఉన్న మగవాళ్లని అక్కడ గుర్తించారు. వాళ్లకి బట్టతల రాలేదు, ప్రోస్టేట్ పెరగలేదు. ఆ ఎంజైమ్‌ని ఆపే మందు 1992లో ప్రోస్టేట్‌కి 5 మి.గ్రా.గా, 1997లో జుట్టుకి 1 మి.గ్రా.గా వచ్చింది.

"ఎంత శాతం గ్యారంటీ?" అని అతను అడిగాడు. అందరూ అడిగేదే. శాతం చెప్పే ముందు దేనితో పోల్చి శాతమో చెప్పాలి. ఫినాస్టెరైడ్ పెద్ద ట్రయల్స్‌లో మాడు మీద అంగుళం వ్యాసం ఉన్న గుండ్రం గీసి వెంట్రుకలు లెక్కించారు. మొదట్లో సగటున 876 ఉన్నాయి. మందు వాడినవాళ్లకీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ తేడా ఏడాదికి 107, రెండేళ్లకి 138, ఐదేళ్లకి 277. ఇది చూసి ఏటేటా జుట్టు మొలుస్తూనే ఉంటుందనుకుంటారు. కాదు. మందు వాడినవాళ్లలో పెరుగుదల మొదటి రెండేళ్లలోనే గరిష్ఠానికి చేరింది. ఆ తర్వాత తేడా పెరిగిందంటే, అవతలివాళ్లు పోగొట్టుకుంటూ పోయారు కాబట్టి. రెండేళ్లకి లెక్క తగ్గకుండా నిలబడినవాళ్లు మందు వైపు 83 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 28 శాతం.

అంటే ఈ మందు ముఖ్యంగా చేసే పని ఆపడం. అద్దంలో ఆపడం కనపడదు. రెండేళ్ల తర్వాత కూడా అదే మాడు కనిపిస్తే "ఏం ఉపయోగం?" అనిపిస్తుంది. మందు లేని మాడు ఎలా ఉండేదో చూపించే అద్దం ఎవరి దగ్గరా లేదు.

మినాక్సిడిల్ డీహెచ్‌టీ జోలికి పోదు. జుట్టు పెరిగే దశని పొడిగిస్తుంది, వెంట్రుకని కాస్త లావు చేస్తుంది. తలచర్మంలో సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ దాన్ని పనిచేసే రూపంలోకి మార్చాలి. అది అందరిలో ఒకేలా ఉండదు కాబట్టి కొందరికి ఎంత రాసినా ఫలితం ఉండదు. 2002లో 393 మంది మగవాళ్ల మీద వచ్చిన ట్రయల్‌లో 48 వారాలకి 2 శాతం మందు కంటే 5 శాతం మందుతో 45 శాతం ఎక్కువ జుట్టు వచ్చింది.

నున్నగా మెరిసే చోట మాత్రం రెండూ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. సన్నగా అయినా వెంట్రుక ఇంకా మొలుస్తున్న చోటే ఆశ. ఆ మాట అతని నుదుటి మూలలు చూపించి మరీ చెప్పాను.

కొత్త మాత్ర ఒకటి వచ్చిందట కదా, పూర్తిగా గుండు అయిన తల మీద కూడా జుట్టు వచ్చిందట అని ఫోన్ తీసి ఫోటోలు చూపించాడు. అది బారిసిటినిబ్. అమెరికాలో 2022లో అనుమతి పొందింది, కానీ అలోపేసియా ఏరియాటాకి. ఒంటి రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద పడే జబ్బు అది, పేనుకొరుకుడు అంటామే, అదే. దాని తీవ్ర రూపానికే ఈ అనుమతి. రెండు పెద్ద ట్రయల్స్‌లో 4 మి.గ్రా. వాడినవాళ్లలో 36 వారాలకి వరసగా 39, 36 శాతం మందికి తల మీద కనీసం 80 శాతం జుట్టు నిండింది. ఉత్తుత్తి మాత్రతో అది 6, 3 శాతం. ఆ జబ్బుకి అది మంచి మందే. ఇతని జబ్బు అది కాదు. "జుట్టు రాలడానికి మందు" అని వెతికితే ఈ రెండూ ఒకే వరసలో కనిపిస్తాయి, అదే చిక్కు.

ఏడో వారం

ఫినాస్టెరైడ్ రోజుకి 1 మి.గ్రా., మినాక్సిడిల్ ఫోమ్ మొదలుపెట్టాం. పాత ద్రవం మందులోని ప్రొపైలీన్ గ్లైకాల్‌తో దురద వచ్చిందన్నాడు కాబట్టి ఫోమ్. ఈసారి రాలుడు సంగతి కాగితం మీద రాసి, తేదీలు కూడా వేసి ఇచ్చాను.

ఫినాస్టెరైడ్ ముందు మరికొన్ని మాటలు మాట్లాడుకున్నాం. ట్రయల్స్‌లో మొదటి ఏడాది లైంగిక ఇబ్బందులు 3.8 శాతం మందిలో వచ్చాయి, ఉత్తుత్తి మాత్రతో 2.1 శాతం మందిలో. చాలామందికి మానేస్తే పోతాయి, కొందరికి మానేశాక కూడా కొనసాగాయన్న రిపోర్టులున్నాయి. డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనల గురించి కూడా చెప్పాలి. 2025లో యూరప్ మందుల సంస్థ ఆత్మహత్య ఆలోచనలని ఈ మాత్రల దుష్ప్రభావంగా ధ్రువీకరించింది. అతనికీ ఇంట్లోవాళ్లకీ అలాంటి చరిత్ర లేదు. మనసు బాగోలేదనిపిస్తే మాత్ర ఆపేసి ఆ రోజే ఫోన్ చేయమని ఇద్దరికీ చెప్పాను. భార్యకి ఎక్కువ నొక్కి చెప్పాను, ముందు గమనించేది ఆమే కాబట్టి.

ఏడో వారం ఫోన్ వచ్చింది. ఆమె కాదు, అతనే. గొంతు తగ్గించి మాట్లాడాడు. కోరిక తగ్గినట్టుంది, మందు వల్లేనేమో. ముందు రాత్రి రెండింటి దాకా దాని గురించే చదివాడట. 2007లో ఒక ఇటలీ బృందం ప్రోస్టేట్ పేషెంట్లకి ఫినాస్టెరైడ్ 5 మి.గ్రా. ఇచ్చింది. ఈ ఇబ్బంది రావొచ్చని చెప్పిన గుంపులో దాదాపు 44 శాతం, చెప్పని గుంపులో 15 శాతం మంది ఆ ఫిర్యాదు చేశారు. భయమే లక్షణాన్ని తెస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణే. కానీ దీన్ని ఎత్తి చూపి "అంతా మీ భ్రమ" అనే హక్కు డాక్టర్‌కి లేదు. చెప్పని గుంపులోనూ 15 శాతం ఉన్నారు కదా.

నెల రోజులు ఆపాం. రెండు మూడు వారాల్లో మామూలైంది. మందు వల్లో, భయం వల్లో నేను తేల్చలేదు, తేల్చే దారీ లేదు. మళ్లీ మొదలుపెడతానని అతనే అన్నాడు, తక్కువ మోతాదులో. ఇది అనుకున్నంత వెర్రి ఆలోచనేం కాదు. 1 మి.గ్రా. తలచర్మంలో డీహెచ్‌టీని దాదాపు 64 శాతం తగ్గిస్తే, అందులో అయిదో వంతు మోతాదు, 0.2 మి.గ్రా., 57 శాతం దాకా తగ్గించింది. అయితే వాళ్లు పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారు. పగిలిన, పొడి అయిన మాత్రని గర్భిణి తాకకూడదు, మగ శిశువు జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదముంది. అందుకని మాత్ర ముక్కలు చేసే పని పెట్టుకోకుండా రోజు విడిచి రోజు పూర్తి మాత్ర అనుకున్నాం. తర్వాత ఆ ఫిర్యాదు రాలేదు. రక్తదానం అలవాటున్న మనిషి. ఆఖరి మాత్ర వేసుకున్నాక నెల దాకా రక్తం ఇవ్వకూడదన్నది అతన్ని నిజంగా బాధపెట్టింది.

ఒకసారి "మా నాన్నకి కూడా రాస్తారా?" అని అడిగాడు. 62 ఏళ్లాయనకి జుట్టు కంటే ముందు ప్రోస్టేట్ గుర్తొస్తుంది నాకు. ఈ మాత్ర పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానంతో చేసే రక్తపరీక్ష) అంకెని దాదాపు సగానికి తగ్గించి చూపిస్తుంది. ఆ సంగతి తెలియని డాక్టర్ రిపోర్టు చూస్తే మోసపోతాడు. ఆయన్ని తీసుకురమ్మన్నాను, రాలేదు.

పుట్టుమచ్చ పక్కన అంకెలు

మొదలుపెట్టిన మూడు నెలలకి 139. తగ్గింది. ఈసారి అతను కంగారు పడలేదు, కాగితం చూపించి "తేదీ ప్రకారమే పోతోంది" అన్నాడు. ఆరు నెలలకి 157. ఏడాదికి 168, సన్నవాటిలో కొన్ని లావెక్కాయి కూడా. నుదుటి మూలలు ఎక్కడున్నవి అక్కడే.

ఏడాది తర్వాత ఉద్యోగం మారి ప్రయాణాలు ఎక్కువయ్యాయి. ఫోమ్ మానేశాడు, ఫినాస్టెరైడ్ కొనసాగించాడు. నాకు చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత వచ్చినప్పుడు 154 చూసి నేనే అడిగితే ఒప్పుకున్నాడు. మినాక్సిడిల్ ఇచ్చింది మినాక్సిడిల్ మానేసిన మూడు నాలుగు నెలల్లో పోతుంది, పుస్తకాల్లో ఉన్నదే. పోయిన 14 దాని వాటా అనుకోవచ్చు. అయినా 146 కంటే కిందికి పడలేదు. మధ్యలో గడిచిన పదహారు నెలల్లో మందే లేకపోతే ఎంతకి దిగేదో ఎవరం చెప్పలేం, దిగేది అని మాత్రం ఆరేళ్ల కిందటి కార్డు ఫోటో చెబుతోంది.

ఫోమ్ తనవల్ల కాదన్నాడు. తక్కువ మోతాదు మినాక్సిడిల్ మాత్ర, 2.5 మి.గ్రా., రాశాను. జుట్టుకి దీనికి అధికారిక అనుమతి లేదు, డాక్టర్ విచక్షణ మీద ఇచ్చేది. ముందు బీపీ, గుండె చరిత్ర చూశాను. మాత్ర అంటే ఎక్కువ పవర్ అనుకుంటారు. 2024లో వచ్చిన ఒక ట్రయల్‌లో రోజుకి 5 మి.గ్రా. మాత్ర, తలకి రాసే 5 శాతం మందు కంటే మెరుగని 24 వారాలకి తేలలేదు. మాత్రకున్న ఒకే ఒక గొప్పతనం, మనిషి దాన్ని మర్చిపోకుండా వేసుకోవడం. 1,404 మంది మీద చేసిన ఒక పరిశీలనలో 15 శాతం మందికి ఒంటి మీద వెంట్రుకలు పెరిగాయి. ఇతనికి చెంపల మీద కాస్త నూగు పెరిగింది, షేవింగ్‌లో పోతుంది. కాళ్ల వాపు, గుండెదడ రాలేదు.

ఆఖరి లెక్క, మొదటి విజిట్ నుంచి 26వ నెల: 166. కొత్తగా చూసేవాడికి అది ఇప్పటికీ పలచని మాడే. అతను మాత్రం నుదుటి మూలలకి ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోవాలా అని ఆలోచిస్తున్నాడు. చేయించుకున్నా మిగతా తలకి ఈ మాత్రలు ఆపే వీలుండదని చెప్పాను. నాటిన జుట్టు నిలుస్తుంది, దాని వెనకది పోతూనే ఉంటుంది.

ఆ రోజు లేవబోతుంటే భార్య ఆపింది. చేతిలో నాలుగు నెలల బాబు, రెండో చేతిలో జిప్ కవర్. తేదీలు లేవు, అంకెలు లేవు, అంత తీరిక ఆమెకి లేదు. నెలన్నరగా ఊడుతోందట. లెన్స్ కింద పెట్టాను. అన్నీ పొడవైనవే, అన్నిటికీ తెల్ల బుడిపె, సూది కొనలది ఒక్కటీ లేదు. పాపిడి దగ్గర స్కోప్ పెట్టి చూస్తే వెంట్రుకలన్నీ ఒకే మందం. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్‌కి రాసి, ఆరు నెలల తర్వాతి తేదీ వేసి ఇచ్చాను.

ఆమె చీటీ తిప్పి వెనక కూడా చూసింది. "మందు రాయలేదేంటి డాక్టర్ గారూ?"

నేను నోరు తెరిచేలోపే అతను కవర్ అందుకుని, బుడిపెలు చూపించి ఆమెకి చెప్పడం మొదలుపెట్టాడు.